వాలంటీరుగా ఆఫ్రికా వెళ్లి వచ్చాక బతుకు ఎలా ఉంటుంది? అడిగినవాళ్లకు నా జవాబు, మీ అనుభవాలూ రాయండి

పెన్నగట్టు, నెల్లూరు

రొయ్య రేట్ల చర్చలో మొన్న ఒక తమ్ముడు అడిగాడు, విదేశాలకు వాలంటీరుగా పోయొస్తే ఆ తర్వాత ఏమవుతుందని. అక్కడ రాస్తే అసలు విషయం పక్కకు పోతుందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా.

నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను. 2003లో ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం కింద మలావీ వెళ్లి, జోంబా చుట్టుపక్కల పల్లెల్లో చేపల చెరువుల పని చేశాను. మలావీకి సముద్రం లేదు. టాంజానియా, జాంబియా, మొజాంబిక్ మధ్య నిలువుగా ఉండే చిన్న దేశం. తూర్పు అంచు వెంట మాత్రం మహా పెద్ద సరస్సు ఉంది. అయితే సరస్సుకు దూరంగా ఉన్న పల్లెల్లో చేప దొరకడం కష్టం. అందుకే ఇంటి దగ్గర చిన్న చెరువులు తవ్వించే పని అక్కడ నేను పోకముందు నుంచే ఉంది.

నేనెందుకు వెళ్లానో అర్థం కావాలంటే ముందు మన జిల్లా సంగతి చెప్పాలి. 1994-95లో రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఎన్ని కొంపలు మునిగాయో ఇక్కడ చాలామందికి తెలుసు. మాగాణి తవ్వి గుంటలు చేసినవాళ్లు, బంగారం తాకట్టు పెట్టి సీడ్, అంటే రొయ్య పిల్లలు తెచ్చినవాళ్లు, రాత్రికి రాత్రి గట్టు మీద ఎర్రబారి చచ్చిన టైగర్ రొయ్యను చూసి కూలబడ్డారు. 1996 డిసెంబరులో తీరం అంచున ఉన్న రొయ్యల గుంటలు తీసేయాలని సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. మా ఇంట్లోనూ ఆ దెబ్బ తగిలింది. పట్టా చేతికొచ్చాక హేచరీలో చేరాను గానీ, నేను చదివిందంతా అప్పు పెంచే చదువేనా అన్న ప్రశ్న పోలేదు.

మలావీలో చూసిన మొదటి చెరువు ఐదు సెంట్లు ఉంటుంది. మన గుంటల లెక్కలో అది ఒక మూల. నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటర్ లేదు, కరెంటే లేదు. ఒక మూలన కర్రలు పాతి, అందులో ఆకు, పేడ వేసి కుళ్లబెడతారు. నీళ్లు పచ్చబడతాయి. మొక్కజొన్న తవుడు చల్లుతారు. అందులో పెరిగేది తిలాపియా జాతి, మనం జిలేబి చేప అంటామే అదే. అక్కడిది ఆ దేశపు సొంత చేప. వాళ్లు మకుంబా అంటారు. ఆకులు తినేది ఇంకోటుంది, చిలుంగుని.

కాలేజీలో మాకు చెప్పింది ఏంటంటే, తిలాపియా ఊరికే పిల్లలు పెడుతుంది, చెరువు కిక్కిరిసి చేప ఎదగదు, అది సాగులో ఓటమి అని. నేను పనిచేసిన ఊళ్లో ఒక అవ్వ ఉండేది. కొడుకూ కోడలూ పోయారు, నలుగురు మనవళ్లు ఆమె మీదే. ఆమె వారానికోసారి చిన్న వలతో పట్టి, అరచేతిలో సగం ఉండే చేపల్ని కూర వండేది. మొక్కజొన్న పిండితో వండే వాళ్ల న్సీమా మన సంగటి లాంటిదే, దాని పక్కన ఏదో ఒక కూర ఉండాలి. ఆ చెరువు ఆమెకు రాబడి కాదు, పిల్లల కూర. ఎండాకాలంలో ఆ నీళ్లే పెరటి కూరగాయలకు, అడుగు బురద మొక్కజొన్నకు. చేప చిన్నదైతే ఆమెకు వచ్చే నష్టమేమీ లేదు, పిల్లలు ముల్లుతో సహా నమిలేసేవాళ్లు.

ఎవరి కోసం పెంచుతున్నామో ముందు తేల్చుకోవాలని నాకు అర్థమైంది ఆ చెరువు దగ్గరే. తర్వాత నేను చేసిన పనంతా దాని మీదే నిలబడింది. ఎవరైనా ఏదైనా అడగండి, తెలిసినంత చెబుతాను.

కావలి కుర్రాడు

అన్నా, ఆ చర్చలో అడిగింది నేనే. చాలా థాంక్స్. నేనూ బీఎఫ్‌ఎస్సీ, అదే ఫిషరీస్ డిగ్రీ చేశాను, ఇప్పుడు ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్‌ని. సూటిగా అడుగుతా, ఏమనుకోవద్దు. జీతం ఇస్తారా? ఇంట్లో చెల్లి పెళ్లి ఉంది. ఇంకోటి, మా ఊళ్లో ఒకాయన ఐక్యరాజ్యసమితి వాలంటీరు ఉద్యోగం ఇప్పిస్తా, లక్షన్నర అవుతుంది అంటున్నాడు. నిజమేనా?

పెన్నగట్టు, నెల్లూరు

తమ్ముడూ, ఆ లక్షన్నర సంగతి ముందు. ఒక్క రూపాయి కట్టొద్దు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం దరఖాస్తుకు గానీ, ఎంపికకు గానీ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. వాళ్ల ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. దరఖాస్తు మనమే ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. మధ్యలో మనిషి అక్కర్లేదు. మన దగ్గర గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లు ఊరికి ఒకరున్నారు, ఆ లెక్కలోకి ఇది చేరకూడదు. ఆయన ఇంకెవరినన్నా పట్టుకుని ఉంటే వాళ్లకీ చెప్పు.

జీతం అనరు. నెలనెలా అక్కడ బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు, రాను పోను టికెట్, ఆరోగ్య బీమా, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కుదురుకోవడానికి కొంత మొత్తం. మిగుల్చుకుంటే మిగులుతుంది, కానీ పెళ్లి చేసేంత మిగులుతుందని నేను చెప్పను. చెల్లి పెళ్లి చేసి వెళ్లు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యూత్ వాలంటీర్ అని ఒక వర్గం, 27 నిండితే స్పెషలిస్ట్ అని ఇంకోటి ఉన్నాయి. స్పెషలిస్ట్‌కి పని అనుభవం చూస్తారు. గుంటల మీద నువ్వు చేస్తున్న పని అక్కడ పనికొస్తుంది, ఎక్కడికీ పోదు.

ఒంగోలు గిత్త

పెన్నగట్టు గారూ, మీరు మంచి మనసుతో రాశారని తెలుస్తోంది, అయినా ఒక మాట అడగకుండా ఉండలేను. మీ నెల్లూరు జిల్లాలోనే యానాది కాలనీలు ఎన్ని ఉన్నాయి? రొయ్యల గుంటల గట్ల మీద గుడిసె వేసుకుని రాత్రంతా కాపలా కాసేది ఎవరు? ఆ పిల్లలు బడికి పోతున్నారా? వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పెట్టారు, పుట్టుకతోనే మనుషుల మీద దొంగ ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం పోవాలని కొట్లాడారు. ఆయన పని చేసింది మీ జిల్లాలోనే. మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఇంత పెట్టుకుని మలావీ ఎందుకండీ? చదువుకున్న ప్రతి పిల్లవాడూ ఇట్లా బయటికి చూస్తే ఇక్కడ చూసేదెవరు?

లలిత, కందుకూరు

ఒంగోలు గిత్త గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ నేను వేరే వైపు నుంచి చెప్తాను. నేను రిటైరైన టీచర్ని. మా అమ్మాయి నర్సు. రెండేళ్ల నుంచి ఆఫ్రికాలోనే ఒక దేశంలో వాలంటీరుగా పనిచేస్తోంది. ఏ దేశమో రాయనులెండి. బంధువుల్లో సగం మంది అమెరికా పంపించి ఉంటే ఈపాటికి ఇల్లు కట్టేదానివి అంటారు. సాఫ్ట్‌వేర్ కోసం అమెరికా పోయిన పిల్లల్ని మాత్రం ఎవరూ అడగరు, కనిగిరి నీళ్ల సంగతి ఎవరు చూస్తారని. సేవకు పోయినవాళ్లనే ఎందుకు నిలదీస్తాం?

పెన్నగట్టు గారూ, నాకు కావలసింది ఇంకోటి. పాప వచ్చే వేసవికి తిరిగి వస్తుంది. ఫోనులో ఇప్పుడే మాట తేడాగా ఉంది. వచ్చాక ఎలా ఉంటుందో, మేము ఏం చేయాలో చెప్పండి. పోయేటప్పుడు అందరూ సలహాలిచ్చారు, వచ్చేటప్పుడు ఒక్కరూ చెప్పడం లేదు.

పెన్నగట్టు, నెల్లూరు

లలితమ్మ గారూ, మీరడిగింది చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. నా మటుకు నాకు అంతే.

వచ్చిన కొత్తలో ఇంట్లో అందరూ ఒక వారం కథలు అడిగారు. సింహాలున్నాయా, నల్లవాళ్లు భయపెట్టారా, ఇవే. నాకు చెప్పాలని ఉన్నది వేరే. నేను ఉన్న కాలంలో ఎయిడ్స్ ఆ దేశాన్ని తినేస్తోంది. రోడ్డు పక్కన శవపేటికలు చేసే కొట్లు వరసగా ఉండేవి. 2004లో ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టారు, అంతకు ముందు జబ్బు తెలిస్తే ఇక ఎదురుచూడటమే. నాతో సైకిల్ మీద ఊళ్లు తిరిగిన ఫీల్డ్ అసిస్టెంట్ నా కళ్ల ముందే చిక్కిపోయాడు. మందులు మొదలయ్యాయి, ఆయనకు అందేసరికి ఆలస్యమైంది. ఈ మాట పెళ్లి భోజనాల దగ్గర ఎట్లా చెప్పేది? చెప్పక ఊరుకుంటే అబ్బాయి గారికి గర్వం పెరిగింది అన్నారు.

ఉద్యోగం సంగతి ఇంకో బాధ. ఇంటర్వ్యూకి పోతే ఒక కంపెనీ వాళ్లు ఆ ఏళ్లను ఖాళీ అని రాసుకున్నారు. వాలంటీరంటే సెలవు మీద ఊళ్లు తిరిగొచ్చినట్టు వాళ్ల లెక్క. ఆ ఏళ్లలో నేను చెరువులు తవ్వించాను, లెక్కలు రాశాను, రాని భాషలో మీటింగులు నడిపాను. ఇవి పని కాకపోతే ఏది పని? మీ అమ్మాయి వచ్చాక ఆ సర్టిఫికెట్లు, చేసిన పని వివరాలు నీట్‌గా రాయించి పెట్టండి. నర్సు కాబట్టి ఎన్ని పడకల వార్డు చూసింది, ఏ జబ్బులు చూసింది, ఎవరికి ట్రైనింగ్ ఇచ్చింది, అన్నీ. ఎవరూ ఖాళీ అనకుండా.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటి ఉంది. సంబంధాలు చూడటం కొన్నాళ్లు ఆపండి. పాపను మాట్లాడనివ్వండి. సగంలో ఆపేస్తే ఆపనివ్వండి. మా అమ్మ ఆ పని చేసింది. వంకాయ తరుగుతూ కూర్చుని, ఆ అవ్వ మనవళ్ల పేర్లు నన్ను పదేపదే అడిగి నేర్చుకుంది. చనిపోయేదాకా ఆమెకు ఆ పేర్లు గుర్తే.

సునామీ రోజు గురించి కూడా చెబుతాను. 2004 డిసెంబరు 26 ఆదివారం. రేడియోలో విన్నాను, మద్రాసు, ఆంధ్ర తీరం అని. మా అమ్మ తరఫువాళ్లు మైపాడు దగ్గర ఉంటారు. ఊళ్లో ఫోను లేదు. జోంబా పోయి ఫోను కొట్లో కూర్చుంటే లైను దొరకదు. మర్నాడు సాయంత్రానికి గానీ తెలియలేదు, నీళ్లు వచ్చాయి, పడవలు వలలు పోయాయి, మనుషులు దక్కారని. తిరిగి వచ్చేసరికి నా గది ముందు ఊరి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చావు జరిగిన ఇంటికి వాళ్లు పిండి, కట్టెలు తీసుకెళ్తారు. ఒక్కొక్కరూ కొంగున ఇంత మొక్కజొన్న పిండి తెచ్చారు. ఆ ఏడు వాళ్ల ఇళ్లలోనే గింజలు సరిగా లేవు. అందరూ బతికే ఉన్నారని చెప్పినా పిండి వెనక్కి తీసుకోలేదు.

ఒంగోలు గిత్త గారూ, మీకు జవాబు రాయాలి, రాస్తాను. అది తొందరలో రాసేది కాదు.

వైద్యుడు, నెల్లూరు

ఈ చర్చ ఇంకెవరైనా వెళ్లాలనుకునేవాళ్లు చదువుతారు కాబట్టి ఆరోగ్యం గురించి రెండు మాటలు. ఆఫ్రికా ప్రయాణానికి ఎల్లో ఫీవర్ టీకా మన ఊళ్లో దొరకదు, నెల్లూరు వాళ్లు సాధారణంగా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి వేయించుకుంటారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలావీకి అవసరం లేదనుకున్నా, కెన్యా, ఇథియోపియా మీదుగా వస్తే ఇక్కడ విమానాశ్రయంలో ఆ టీకా కార్డు అడగవచ్చు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

చెరువు పనివాళ్లకు అసలు ముఖ్యమైనది బిల్హార్జియా. అక్కడి మంచినీటి నత్తల నుంచి వచ్చే పురుగు, నీళ్లలో నిలబడితే చర్మం గుండా లోపలికి పోతుంది. నెలలు, ఏళ్లు గడిచాక మూత్రంలో రక్తం పడవచ్చు. మన దగ్గర ఈ జబ్బు దాదాపు కనపడదు, కాబట్టి డాక్టరు రాయి అనుకుంటాడు, ఇన్ఫెక్షన్ అనుకుంటాడు. మీరే చెప్పాలి, నేను ఆఫ్రికాలో చెరువుల్లో దిగాను అని. మధ్యాహ్నం పూట పట్టిన మూత్రంలో దాని గుడ్లు బాగా కనపడతాయి. ప్రాజిక్వాంటెల్ అనే మాత్రతో నయమవుతుంది. అలాగే తిరిగి వచ్చిన కొన్ని నెలల్లో జ్వరం వస్తే మొదటి మాటగా ఆ దేశం పేరు చెప్పండి. అక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

లలిత గారూ, పాప రాగానే ఒకసారి పూర్తి పరీక్షలు చేయించండి. నర్సు కాబట్టి తనకే తెలిసి ఉంటుంది, అయినా తల్లి చెబితే చేయించుకుంటుంది.

పెన్నగట్టు, నెల్లూరు

డాక్టరు గారూ, నూటికి నూరు పాళ్లు నిజం. నాకు అదే జరిగింది. ఇక్కడ ఒకచోట కిడ్నీలో రాయి అని నెలల తరబడి మందులు వాడించారు. చివరికి అక్కడ నాతో పనిచేసిన ఇంకో వాలంటీరు ఈమెయిల్లో చెబితే పరీక్ష చేయించుకున్నాను.

సింగరాయకొండ పెద్దాయన

నాయనలారా, నాకు 70 దాటాయి. మనవడు టైపు చేస్తున్నాడు. మీరంతా వెళ్లినవాళ్ల మాట చెబుతున్నారు. మా ఊరికి వచ్చినవాడి మాట నేను చెబుతాను.

1960లలో, అప్పటికి మా కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఒంగోలు జిల్లా 1970లో గానీ రాలేదు, ఒక అమెరికా కుర్రవాడు కోళ్ల పెంపకం నేర్పడానికి వచ్చాడు. పీస్ కోర్ అని కెనడీ 1961లో పెట్టిన సంస్థ. మన దేశంలో 1976 దాకా వాళ్లు పనిచేశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ కూడా డెబ్బైకి దగ్గరపడిన వయసులో బొంబాయి దగ్గర విక్రోలీలో పనిచేసింది, అది పేపర్లో చదివాను. మా కుర్రవాడికి పాతికేళ్లు కూడా ఉండవు. సైకిల్ మీద తిరిగేవాడు. తెలుగు మాట్లాడేవాడు, ముందు నవ్వాం, తర్వాత అలవాటైంది.

తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు, కింద పొట్టు పరిచిన షెడ్డు, ఇవన్నీ మేము అప్పుడే చూడటం. కొక్కెర తెగులుకు టీకా వేయాలని మా నాన్నకు చెప్పింది ఆయనే. మా నాన్న ఆ షెడ్డు కొన్నేళ్లు నడిపి దాణా ఖర్చు భరించలేక వదిలేశాడు. కానీ ఇంట్లో నాటుకోళ్లకు టీకా వేయించడం మాత్రం మానలేదు. ఇప్పటికీ మా ఇంట్లో వేయిస్తాం.

నాకు మిగిలిపోయిన బాధ ఒకటే. ఆయన వెళ్లిపోయాక మళ్లీ సంగతి తెలియలేదు. ఉన్నాడో లేడో, పెళ్లి చేసుకున్నాడో లేదో. మా అమ్మ ప్రతి సంక్రాంతికీ అరిసెలు వండుతూ ఆ పిల్లాడు ఎట్లా ఉన్నాడో అనేది. పెన్నగట్టు నాయనా, నిన్ను అడుగుతున్నాను. ఆ అవ్వకు నీ సంగతి తెలుసా?

పెన్నగట్టు, నెల్లూరు

పెద్దాయనా, తెలుసు. అవ్వ పోయింది, కానీ పోయే ముందు దాకా నా పెళ్లి, మా పాప పుట్టడం, నాన్న పోవడం, అన్నీ ఆమెకు తెలుసు. మొదట్లో ఉత్తరాలు రాసేవాణ్ణి, ఆమె పెద్ద మనవడు చదివి వినిపించేవాడు. తర్వాత వాట్సాప్ వచ్చింది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, ఆ మనవడే ముందు మెసేజ్ పెట్టాడు, మీరు క్షేమమేనా అని. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మలావీని ముంచినప్పుడు నేను పెట్టాను. వందల మంది పోయారు ఆ తుఫానులో. వీళ్ల చెరువు గట్టు తెగిపోయింది. గట్టు మళ్లీ పోసుకోవడానికి కూలి డబ్బు పంపాను, సాయం అని కాదు, ఆ పిండి సంగతి నేను మర్చిపోలేను కాబట్టి.

ఇక ఒంగోలు గిత్త గారికి. మీరన్నది నేను కాదనను. యానాది కుటుంబాల గురించి మీరు రాసిన ప్రతి మాటా నిజం. 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి, నేనూ ఒక కంపెనీలో పనిచేశాను. రాత్రిపూట రొయ్య మేత తిన్నదో లేదో చెక్ ట్రే చూడటానికి పోతే కాపలా గుడిసెలో పిల్లలు ఉత్త చారన్నం తింటుండేవాళ్లు. చుట్టూ టన్నుల కొద్దీ రొయ్య, అంతా ఎగుమతికి. మలావీ పోకముందు కూడా అటువంటి గుడిసెలు చూశాను. అప్పుడు అవి నా కంటికి ఆనలేదు. అక్కడికి పోకపోతే ఇప్పుడూ ఆనేవి కావు. నన్నడిగితే, వెళ్లడం ఇక్కడి పనికి అడ్డం కాలేదు, దాంతోనే ఇక్కడి పని మొదలైంది.

ఉద్యోగం వదిలాక ఇద్దరు స్నేహితులతో కలిసి చేస్తున్నది చెబుతాను. పెద్ద చెరువుల జోలికి పోలేదు. వాటికి సొసైటీలు, వేలంపాటలు, కాంట్రాక్టర్లు, యానాదులకు మిగిలేది వల లాగే కూలే. మేము పట్టుకున్నది చిన్నవి, ఉపాధి హామీ కింద తవ్విన నీటి కుంటలు, కాలనీ పక్కన వాన నీరు నిలిచే గుంతలు. మన జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. కుంట నిండేసరికి చేప పిల్లలు వేయాలి, ఎండాకాలానికి ఎండిపోతుంది, చేతిలో ఉండేది కొద్ది నెలలే. చిటికెన వేలంత పిల్ల వేస్తే ఎదిగేలోపు నీళ్లుండవు. అందుకే నర్సరీలో ఇరుకుగా పెంచి ఆపిన ఏడాది పిల్లలు తెచ్చి వేస్తాం, శీలావతి, బొచ్చె. నీళ్లు దొరకగానే అవి గబగబా ఎదుగుతాయి. మేత తవుడు, పేడ ఎరువు, అంతే. అప్పు ఉండకూడదు, అది మా మొదటి షరతు.

రెండోది, అమ్మే ముందు ఇంటికి. జనవరి నుంచి కొంచెం కొంచెంగా పట్టి వండుకుంటారు, మిగిలింది చివర్లో అమ్ముతారు. అవ్వ దగ్గర చూసిన లెక్కే ఇది. యానాదులకు చేప పట్టడం మనం నేర్పేదేముంది, వాళ్ల చేతివాటం నాకు రాదు. కావలసింది కుంట మీద హక్కు. పంచాయతీ తీర్మానం చేయించి కాగితం చేతికిప్పించడానికి పట్టినంత కాలం చేప పెరగడానికి పట్టదు. కొన్నిచోట్ల ఎవరో వచ్చి రాత్రికి రాత్రి వల వేసి ఊడ్చుకుపోయారు. అటువంటి చోట కేసు పెట్టించాం, ఇంకా తిరుగుతున్నాం.

ఒంగోలు గిత్త

పెన్నగట్టు గారూ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నమస్కారం. మీకు ముందే ఈ అనుభవం ఉండి ఎందుకు చెప్పలేదా అనిపించింది, పర్లేదు. ఒక్కటి అడుగుతా. మా కనిగిరి, పామూరు వైపు వాన ఇంకా తక్కువ. కుంటల్లో నీళ్లు మూడు నెలలు నిలవడమే గగనం. అక్కడ పనికొస్తుందా?

పెన్నగట్టు, నెల్లూరు

మూడు నెలలైతే చేప నేను చెప్పను, ఆశ పెట్టి నష్టపరచడం అవుతుంది. నీళ్లు కనీసం ఐదు నెలలు, మీటరు లోతు నిలిచే కుంటలు ఏవైనా ఉంటే చూద్దాం. జనవరిలో ఒకసారి వచ్చి చూస్తాను, ఆ నెలలో ఎంత నీళ్లున్నాయో దాన్ని బట్టి తేలిపోతుంది.

లలిత, కందుకూరు

పాపకు ఈ చర్చ లింకు పంపాను. చదివి చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత ఒకటే రాసింది, ఇక్కడి వార్డులో పనిచేసే వాళ్ల ఫోటోలు పంపుతాను, పేర్లు నేర్చుకుంటావా అమ్మా అని. నిన్నటి నుంచి నేర్చుకుంటున్నాను.

కావలి కుర్రాడు

అన్నా, ఆ ఏజెంటుకు వద్దని చెప్పేశాను. మా ఫ్రెండ్ ఒకడు ఇరవై వేలు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాడు, వాడితో పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ పెట్టిస్తున్నా. చెల్లి పెళ్లి ఫిబ్రవరిలో. ఈలోపు ఆదివారాలు నాకు సెలవే, కుంటల పనికి రావచ్చా? బొచ్చె పిల్లలు లెక్కపెట్టడం, నీళ్ల టెస్టులు నాకు వచ్చు.

పెన్నగట్టు, నెల్లూరు

రా తమ్ముడూ. ఆదివారం పొద్దున ఆరింటికి అయ్యప్పగుడి సెంటర్లో ఉండు, బండి మీద పోదాం. పీహెచ్ కిట్ నీ దగ్గరుంటే తెచ్చుకో, మాది పాడైంది.